సముద్రపు నాచు: తడి లెక్క, పొడి లెక్క

న్యూఢిల్లీ: రాజధానిలో ఇటీవల జరిగిన ఒక ప్రదర్శనలో మత్స్య పరిశ్రమకు సంబంధించిన దుకాణాల వరుస వెంట నడుస్తూ ఒకచోట ఆగిపోయాను. బల్లపై చిన్న చిన్న పొట్లాలు పేర్చి ఉన్నాయి. లోపల ముదురు ఆకుపచ్చని పొడి. పైన పెద్ద అక్షరాలతో ‘సూపర్ ఫుడ్’ అనే మాట, దాని కింద ‘మాంసకృత్తులు 40 శాతం’ అనే ప్రకటన. అది సముద్రపు నాచు పొడి అట. ‘ఈ నలభై శాతం పచ్చి నాచులోనా, ఎండిన నాచులోనా?’ అని దుకాణంలోని యువకుణ్ణి అడిగాను. అతడు మర్యాదగానే నవ్వి, ‘రెండూ ఒకటే కదండీ, ఎండబెడితే పోయేది నీళ్ళే కదా’ అన్నాడు.

అతడు చెప్పినది అబద్ధం కాదు. పోయేది నీళ్ళే. కాని పచ్చి నాచులో నూటికి డెబ్బయి అయిదు నుండి తొంభై పాళ్ళ వరకు ఉన్నది ఆ నీరే. ఆ నీటిని లెక్కలో ఉంచుకొని ఒక మాట, తీసివేసి మరొక మాట చెప్పడం ఒక దుకాణపు కుర్రవానికే పరిమితమైతే ఈ వారం దానిని గురించి వ్రాయవలసిన పని ఉండేది కాదు. ఆ అలవాటు సభాభవనాల దాకా వచ్చింది గనుకనే వ్రాయవలసి వస్తున్నది.

నేను రసాయన శాస్త్రం చదివినవాణ్ణి కాను. కళాశాలలో చదివినది ఆంగ్ల సాహిత్యం. అయితే పార్లమెంటు పత్రికా ప్రతినిధుల గ్యాలరీలో దశాబ్దాల తరబడి కూర్చున్నవానికి ఒక శాస్త్రం మాత్రం వద్దన్నా అబ్బుతుంది. ఎవరైనా ఒక అంకె చెప్పినప్పుడు, అది దేనికి అంకె, ఏ కొలతలో అంకె అని అడగడమే ఆ శాస్త్రం. సముద్రపు నాచు విషయంలో ఆ ప్రశ్న మిక్కిలి అవసరమైనదని నాకు తోచింది.

ప్రభుత్వం చెప్పిన అంకెలు

కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనను ప్రారంభించినప్పుడు, సుమారు 20,050 కోట్ల రూపాయల ఆ పథకంలో సముద్రపు నాచు కోసం 640 కోట్లు ప్రత్యేకించింది. 2025 నాటికి దేశంలో నాచు ఉత్పత్తిని 11.2 లక్షల టన్నులకు పెంచాలన్నది లక్ష్యం. 2021 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగం చేస్తూ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ తమిళనాడులో బహుళార్థక నాచు పార్కును నెలకొల్పుతామని లోక్‌సభకు తెలిపారు. నాచు సాగు వేలాదిమందికి ఉపాధి కల్పిస్తుందని, ముఖ్యంగా తీరప్రాంతపు స్త్రీలకు అదనపు ఆదాయం తెచ్చిపెడుతుందని ఆ సందర్భంలో చెప్పుకొన్నారు. ఇది మంచి ఆశయమే. దీనిని ఎవరూ ఆక్షేపించరు.

లక్ష్యంగా పెట్టుకొన్న 2025వ సంవత్సరానికి ఆ 11.2 లక్షల టన్నులు అందలేదు. దేశపు ఉత్పత్తి వేల టన్నుల స్థాయిని దాటి రాలేదు. లక్ష్యాలు తప్పడం మన ప్రణాళికా చరిత్రలో కొత్త విషయం కాదు గనుక దాని మీద ఎక్కువసేపు నిలవను. నన్ను నిలిపినది మరొకటి. టన్నుల లెక్క చెప్పునపుడు మనవారు తడి నాచును తూచి చెబుతారు. పోషక విలువ చెప్పునపుడు అదే నాచును ఎండబెట్టి పరీక్షించిన పట్టికను చూపుతారు. ఈ రెండు అంకెలను ఒకే ప్రసంగంలో పక్కపక్కన నిలిపినప్పుడు వినేవారికి లక్షల టన్నుల మాంసకృత్తులు సముద్రంలో మన కోసం కాచుకొని ఉన్నట్లు తోస్తుంది.

చిన్న గుణకారం చేసి చూద్దాము. 11.2 లక్షల టన్నుల లక్ష్యం పూర్తిగా నెరవేరినదనే అనుకొందాము. తొమ్మిది పాళ్ళు నీరు పోగా మిగిలేది సుమారు 1.12 లక్షల టన్నుల ఎండు నాచు. మన దేశంలో విస్తారంగా సాగయ్యే జాతిలో మాంసకృత్తులు తక్కువ. నూటికి అయిదు పాళ్ళుగా లెక్కించినచో వచ్చేది 5,600 టన్నులు. దానిని 140 కోట్ల జనాభాకు పంచినచో తలకు నాలుగు గ్రాములు. ఈ నాలుగు గ్రాములు రోజుకు కాదు, నెలకు కాదు, సంవత్సరానికి. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అయిదు పాళ్ళకు బదులు పది పాళ్ళు ఉన్నవని ఉదారంగా ఒప్పుకొన్నా, ఏడాదికి ఒక గుడ్డు, పైన ఇంకొక ముక్క.

దీనిని బట్టి నాచు పనికిరానిదని నేను చెప్పడం లేదు. దానిలో ఏమున్నదో తెలుసుకొంటే అది దేనికి పనికివస్తుందో తెలుస్తుంది. దేనికి పనికిరాదో కూడ తెలుస్తుంది.

నాచులో ఉన్నది ఏమిటి?

సముద్రపు నాచుకు నిజమైన వేళ్ళు లేవు, పూలు లేవు, గింజలు లేవు. రాతినో పగడపు ముక్కనో పట్టుకొని నిలిచి, ఒళ్ళంతటితో సముద్రజలం నుండి లవణాలను పీల్చుకొంటుంది. దాని గుణమంతా, దోషమంతా ఈ ఒక్క లక్షణం నుండే పుట్టినవి. శాస్త్రజ్ఞులు నాచులను ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ రంగులుగా మూడు తెగలు చేశారు. ఈ తెగల మధ్య భేదం చింతకూ చామకూ మధ్య ఉన్నంత పెద్దది. అందువల్ల ‘నాచులో ఇంత ఉన్నది’ అని ఒకే మాటగా చెప్పడం ‘కూరగాయలో ఇంత ఉన్నది’ అని చెప్పడం వంటిదే.

ఎండిన నాచును కాల్చినచో మిగిలే బూడిద, అనగా ఖనిజ లవణాల మొత్తం, జాతిని బట్టి నూటికి పది నుండి నలభై పాళ్ళు ఉంటుంది. మన వరి, గోధుమ గింజలలో ఇది రెండు పాళ్ళకు అటూ ఇటూ మాత్రమే. ఆ బూడిదలో పొటాసియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, వీటన్నిటికి మించి అయొడిన్ ఉంటాయి. కొవ్వు ఒకటి నుండి అయిదు పాళ్ళు మాత్రమే. ఉన్న కొద్దిపాటి కొవ్వులో చేపనూనెకు పేరు తెచ్చిన ఒమేగా–3 ఆమ్లాలు కొంత ఉండడం విశేషం. పీచుపదార్థం ముప్పయి మూడు నుండి యాభై పాళ్ళు. మాంసకృత్తులు గోధుమరంగు నాచులలో మూడు నుండి పదిహేను పాళ్ళు, ఆకుపచ్చ నాచులలో పది నుండి ఇరవై ఆరు పాళ్ళు. ఎర్రనాచు తెగకు చెందిన పోర్ఫైరా అనే జాతిలో మాత్రం ముప్పయి నుండి నలభై ఏడు పాళ్ళ దాకా కన్పించినవి.

పొట్లం మీది నలభై శాతం ఎక్కడిదో ఇప్పుడు పాఠకులకు అర్థమై ఉంటుంది. అది జపాను వారు ‘నోరి’ అని పిలిచి అన్నపు ముద్దలకు చుట్టుకొని తినే పోర్ఫైరాకు చెందిన అంకె. అది చల్లని నీటిలో పెరిగేది. మన మండపం తీరంలో వెదురు తెప్పలకు కట్టి పెంచేది కప్పాఫైకస్ అనే వేరొక ఎర్రనాచు. దాని సారమంతా కారజీనాన్ అనే బంక పదార్థము, పొటాసియం లవణాలు. నోరి గుణపత్రాన్ని కప్పాఫైకస్ మెడకు కట్టడం న్యాయం కాదు.

నోరి విషయంలోనైనా అంకెను విప్పి చూడవలసి ఉన్నది. ఒక నోరి రేకు బరువు మూడు గ్రాములు మించదు. అందులోని మాంసకృత్తులు గ్రాము ఒకటి. మన కందిపప్పులో మాంసకృత్తులు నూటికి ఇరవై రెండు పాళ్ళే కావచ్చు. అయితే మనము పప్పును మూడు గ్రాములు తినము, పూటకు గుప్పెడు వండుకొంటాము. పైగా ప్రయోగశాలలో మాంసకృత్తులను నేరుగా తూచరు. నత్రజనిని కొలిచి దానిని 6.25తో గుణిస్తారు. నాచులలో మాంసకృత్తులు కాని నత్రజని కూడ చాల ఉంటుంది గనుక, సుమారు 5తో గుణించడమే సబబని ఈ విషయాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పారు. పట్టికలోని అంకెలో అయిదవ వంతు అక్కడే జారిపోతుంది.

అరిగేది ఎంత?

నాచులోని పిండిపదార్థాల కథ ఇంకను ఆసక్తికరమైనది. వరిలో ఉన్న పిండి వంటిది కాదు ఇది. అగర్, కారజీనాన్, అల్జినేట్ అనే మూడు బంక పదార్థాలు నాచు దేహానికి బిగువునిస్తాయి. వీటిని అరిగించే ఎంజైములు మానవుని జీర్ణకోశంలో లేవు. అందువల్ల కెలోరీల లెక్కలో వీటి విలువ స్వల్పం. పీచుగా మాత్రం ఇవి మంచివే. కడుపు నిండినట్లుంచుతాయి, మలబద్ధకాన్ని పోగొడతాయి, భోజనానంతరం రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండ కొంత అడ్డుపడతాయి. అతిగా తిని బరువు పెరిగిన పట్టణవాసికి ఇది గుణమే. అర్ధాకలితో ఉన్న పసివానికి ఇదే గుణం కాదు.

ఈ సందర్భంలో 2010లో వెలువడిన ఒక పరిశోధన ప్రస్తావించదగినది. నోరిలోని బంక పదార్థాన్ని విడగొట్టగల జన్యువులు సముద్రపు బాక్టీరియాలలో ఉన్నవని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అవే జన్యువులు జపాను ప్రజల ప్రేగులలో నివసించే బాక్టీరియాలలోనూ వారికి కన్పించాయి. వారు పరీక్షించి చూసిన అమెరికా వాసులలో కన్పించలేదు. తరతరాలుగా నాచు తిన్నందువల్ల ఆ బాక్టీరియాలు ఆ నేర్పును సముద్రం నుండి అరువు తెచ్చుకొన్నవన్నమాట. ఒక జాతి ఆహారపు అలవాటు వంటింటిలోనే కాదు, కడుపులోనూ స్థిరపడుతుందని దీని భావం. టోకియోలో అరిగినది విజయనగరంలో అంతే అరుగుతుందని ముందుగా అనుకోరాదు.

ఇంతకూ జపానువారు సైతం నాచును అన్నంగా తినడం లేదు. వారు రోజుకు తినే ఎండు నాచు సగటున కొద్ది గ్రాములే. వారి బలం అన్నము, చేప, సోయా. నాచు రుచికి, లవణాలకు తోడు. కొంబు అనే గోధుమరంగు నాచు ఉడికించిన చారులోని రుచికి కారణమేమిటని వెదకి, 1908లో కికునే ఇకెదా అనే ఆచార్యుడు గ్లూటమేట్‌ను వేరుచేశారు. మన హోటళ్ళలో వాడుకకు వచ్చిన అజినొమోటో పుట్టుక అదే.

మనమూ తెలియకనే నాచును తింటున్నాము. హైదరాబాదు ఇండ్లలో తీపి వంటకాలకు వాడే ‘చైనా గ్రాస్’ అగర్ తప్ప మరొకటి కాదు. ఐస్‌క్రీములలోను, కొన్ని శీతల పాల పానీయాలలోను చిక్కదనానికి కారజీనాన్ కలుపుతారు. పంటి వైద్యుడు దవడ అచ్చు తీసే ముద్ద అల్జినేట్. రెండవ ప్రపంచ సంగ్రామంలో జపాను అగర్ రాక నిలిచిపోయినపుడు, వైద్య పరిశోధనశాలల అవసరానికి మన తీరపు నాచుల నుండి అగర్ తీసే యత్నాలు ఆరంభమైనవి. కనుక భారతదేశంలో నాచు పరిశ్రమ నిన్న మొన్న పుట్టినది కాదు.

అయొడిన్: వరము, హెచ్చరిక

నాచు నుండి మానవజాతికి లభించిన మహోపకారం అయొడిన్. 1811లో బెర్నార్డ్ కుర్త్వా అనే ఫ్రెంచి రసాయనజ్ఞుడు, తుపాకిమందు తయారీకి కావలసిన సురేకారం కోసం నాచు బూడిదతో తంటాలు పడుతుండగా ఊదారంగు ఆవిరి లేచినది. అదే అయొడిన్. శరీరానికి అది కావలసినది అతి స్వల్పం. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భవతులకు 250. అది లోపించినచో గళగండం వస్తుంది. గర్భిణిలో లోపించినచో పుట్టే శిశువు బుద్ధి మందగిస్తుంది.

మన దేశం ఈ సమస్యను ఎదుర్కొన్నది నాచుతో కాదు, ఉప్పుతో. శ్రీకాకుళంలో జన్మించిన వైద్యశాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో ప్రారంభించిన అధ్యయనం ఈ విషయంలో ప్రపంచానికి మార్గదర్శకమైనది. అయొడిన్ కలిపిన ఉప్పు అందిన ప్రాంతాలలో గళగండం తగ్గడం, అందని ప్రాంతంలో తగ్గకపోవడం ఆయన బృందం చూపింది. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమం వచ్చింది. అయొడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న నిషేధం ఒకసారి వచ్చి, 2000లో తొలగి, 2006లో తిరిగి అమలుకు వచ్చింది. ఇంటికి చేరే ఉప్పులో పదిలక్షల పాళ్ళకు పదిహేను పాళ్ళు అయొడిన్ ఉండాలన్నది నిబంధన. పది గ్రాముల ఉప్పులో 150 మైక్రోగ్రాములు, ఒక రోజు అవసరం తీరుతుంది.

ఇప్పుడు నాచును చూడండి. నోరిలో గ్రాముకు కొన్ని పదుల మైక్రోగ్రాములు అయొడిన్ ఉంటే, కొంబులో గ్రాముకు రెండు వేలు మించి ఉండవచ్చు. అనగా ఒక్క గ్రాములో పదిరోజుల పైబడిన మోతాదు. అయొడిన్ తక్కువైతే చెడిపోయే థైరాయిడ్ గ్రంథి, ఎక్కువైనా చెడిపోతుంది. దేశమంతటా అయొడిన్ ఉప్పు తినే ప్రజలకు పైనుండి ఎంత అయొడిన్ ఉన్నదో తెలియని పొడిని ‘సూపర్ ఫుడ్’ పేరిట అందించడం వివేకమా? నేను చూచిన పొట్లం మీద మాంసకృత్తుల శాతం ఉన్నది. నాచు జాతి పేరు లేదు. అయొడిన్ ప్రసక్తే లేదు.

ఒళ్ళంతటితో పీల్చుకొనే ప్రాణి మంచిని మాత్రమే పీల్చుకోదు. సముద్రంలో కలిసిన కాడ్మియం, సీసం వంటి భారలోహాలను కూడ నాచు కూడబెట్టుకొంటుంది. ‘హిజికి’ అనే నాచులో హానికరమైన రూపంలో ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నదని 2004లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ దానిని తినవద్దని ప్రజలకు సలహా ఇచ్చింది. మురుగు, కర్మాగారాల వ్యర్థాలు కలిసే మన రేవుల దగ్గర పెరిగిన నాచును పరీక్ష లేకుండ పళ్ళెంలోకి తేరాదని చెప్పడానికి మరొక దృష్టాంతం అక్కరలేదు.

తీసేవారు, తినేవారు

ఈ చర్చలో ఇంతవరకు రాని మనుష్యులు కొందరున్నారు. వారే రామనాథపురం జిల్లా తీరపు స్త్రీలు. మన్నార్ సింధుశాఖలోని దీవుల చుట్టు లోతులేని నీటిలో మునిగి, వ్రేళ్ళకు గుడ్డలు చుట్టుకొని రాళ్ళ మీది నాచును కోసి తెచ్చేవారు వీరు. వారి భాషలో ప్రతి నాచుకూ పేరున్నది. అగర్ ఇచ్చే ఒక దానిని మరిక్కొళుందు పాశి అంటారు, ఇంకొక దానిని కంజిపాశి అంటారు. కంజి అంటే గంజి. పూర్వం దానిని గంజిలో వేసి కాచుకొనేవారన్న జ్ఞాపకం ఆ పేరులోనే నిలిచి ఉన్నది. అదే నాచు ఒకప్పుడు ‘సిలోన్ మాస్’ అనే పేరుతో సింహళం నుండి దేశాంతరాలకు వెళ్ళింది. కప్పాఫైకస్‌కు మాత్రం వారు పెట్టిన పేరు పెప్సి పాశి. 2000 సంవత్సర ప్రాంతంలో ఆ కంపెనీ దాని సాగును ప్రోత్సహించినందువల్ల వచ్చిన పేరు అది. తినే నాచుకు గంజి పేరు, అమ్మే నాచుకు కంపెనీ పేరు. ఆర్థికశాస్త్ర గ్రంథం ఇంతకంటె ఏమి చెబుతుంది?

1986లో ఆ దీవులు ఇరవై ఒకటి సముద్ర జాతీయోద్యానంగా ప్రకటింపబడినవి. తరతరాలుగా నాచు తీసిన స్త్రీలు ఆనాటి నుండి తమ నీళ్ళలో తామే చొరబాటుదారులైనారు. పగడాలను కాపాడవలసినదే. అయితే ఆ స్త్రీలు ఇనుప పనిముట్లు మాని చేతులతో తీయడం, నెలలో కొన్ని దినాలే నీటిలో దిగడం వంటి కట్టుబాట్లను తమంత తామే పెట్టుకొన్నారు. వారిని సంరక్షణలో భాగస్వాములను చేయడానికి అంతకంటె యోగ్యత ఏమి కావలె?

కప్పాఫైకస్ కథలో మరొక చిక్కు ఉన్నది. ఆ నాచు మన దేశానిది కాదు. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1984లో దానిని తెచ్చి, మొదట సౌరాష్ట్ర తీరంలో, పిదప మండపంలో పెంచి చూచింది. వెదురు తెప్పకు కట్టిన ముక్క నలభై అయిదు రోజులలో కోతకు వస్తుంది. వేలాది కుటుంబాలకు దానివల్ల నాలుగు రూపాయలు చేరినవి. 2005లో తమిళనాడు ప్రభుత్వం దాని సాగును పాక్ అఖాతానికి ఉత్తరాన, తూత్తుకుడికి దక్షిణాన మాత్రమే అనుమతించింది. 2008లో కురుసడై దీవి వద్ద అది పగడాలపై పాకినదని పరిశోధకులు వెల్లడించారు. ప్రమాదం అంత తీవ్రం కాదని వాదించినవారూ ఉన్నారు. ఇక 2013 తర్వాత సముద్రపు వేడిమికి ఆ పంట కుప్పలుగా చనిపోయి దిగుబడి కూలిపోయినది. 2020 నాటి లక్షల టన్నుల లక్ష్యం ఈ అనుభవం తర్వాత వ్రాసుకొన్నదేనని గుర్తుంచుకోవాలి.

పండిన దానిలో మన కడుపులోకి వచ్చేది ఎంత అన్నచో, అతి స్వల్పం. పచ్చి నాచును పిండి తీసిన రసం పైరు మీద చల్లడానికి, మిగిలిన పిప్పి కారజీనాన్ తీయడానికి పోతుంది. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో జీవ ఉత్ప్రేరకాలకు చోటు కల్పించడంతో ఈ రసానికి చట్టబద్ధమైన స్థానమూ వచ్చింది. నాచు ముందు పొలానికి మేలు చేసి, పొలం ద్వారా మనిషికి మేలు చేయడం నిజాయితీ గల మార్గమే. దానిని ఆ పేరుతోనే చెప్పుకొంటే చాలును.

చేయవలసినది

పోషకాహారం మన దేశంలో ప్రదర్శనల విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారం అయిదేండ్లలోపు పిల్లలలో 35.5 శాతం మంది వయస్సుకు తగ్గ ఎత్తు లేరు. పదిహేను నుండి నలభై తొమ్మిదేండ్ల స్త్రీలలో 57 శాతం రక్తహీనులు. ఇటువంటి దేశంలో ఒక కొత్త ఆహారాన్ని మహాహారమని చాటడం అంటే, ఏదో ఒకనాడు దానిని బడిపిల్లల భోజనంలో కలపాలన్న సూచనకు దారి తీయడమే. అప్పుడు పప్పు తగ్గించి పొడి కలుపుదామన్న పొదుపు ఆలోచన ఏ అధికారికైనా రాకపోదు. నా భయమంతా అక్కడ.

కనుక మంత్రిత్వ శాఖ ముందు కొన్ని మాటలు ఉంచదలచినాను. లక్ష్యాలను, సాధించిన ఉత్పత్తిని జాతుల వారీగా, ఎండు బరువులో ప్రకటించాలి. మన తీరంలో పెరిగే తినదగిన నాచులను ఒక్కొక్క జాతిగా, ఒక్కొక్క ఋతువులో పరీక్షించి, ఏమున్నదో మాత్రమే కాక ఏమి అరుగుతుందో కూడ తేల్చాలి. పోషకాహార విషయంలో దేశానికే ప్రామాణికమైన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. ఆ పనికి అంతకంటె తగిన స్థలం వెదకనక్కరలేదు. అమ్మే ప్రతి పొట్లం మీద నాచు జాతి పేరు, చెంచాకు ఎంత అయొడిన్ ఉన్నదన్న వివరం ముద్రించాలి. అంతవరకు పిల్లల భోజనం జోలికి పోరాదు. నాచు తీసే స్త్రీలకు నీటిపై హక్కు, ధరపై మాట ఉండాలి.

ఆంధ్ర తీరానికీ ఇందులో పాత్ర ఉన్నది. విశాఖ రాళ్ళ మీద పోర్ఫైరా ఋతువును బట్టి మొలిచి మాయమవడాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు 1960 ప్రాంతంలోనే గమనించి నమోదు చేశారు. ఇటువంటి గమనికలను తేలికగా తీసుకోరాదు. జపాను నోరి సాగు నిలద్రొక్కుకొన్నది మాంచెస్టరులో పనిచేసిన కాథ్లీన్ డ్రూ అనే పరిశోధకురాలు 1949లో పోర్ఫైరా జీవితచక్రంలోని రహస్యాన్ని, అది వేసవిని గవ్వల మీద సూక్ష్మరూపంలో గడుపుతుందన్న సంగతిని కనుగొన్న తర్వాతనే. ఆమె జపాను గడ్డపై కాలు పెట్టలేదు. అయినా కుమమొతో ప్రాంతపు నాచు రైతులు ఆమెకు స్మారకం నిర్మించి ఏటా నివాళులర్పిస్తున్నారు. ప్రయోగశాలలో ఓపికగా చేసిన పని ముందు వచ్చింది, టన్నులు తర్వాత వచ్చినవి. మనము టన్నులను ముందు ప్రకటించాము.

ఆ పొట్లాన్ని నేను కొని తెచ్చాను. చిటికెడు చారులో వేయించి చూచాను. రుచి బాగున్నది. ఉప్పు కొంచెం తగ్గించవలసి వచ్చింది. మరునాడు మళ్ళీ వేయమని నేనే అన్నాను. అయితే ఆ పూట మా పళ్ళెంలో పప్పు ఎప్పుడూ ఉన్నంతే ఉన్నది. దేశానికి సంబంధించినంతవరకు కూడ నాచుకు అటువంటి స్థానమే తగినదని నా నమ్మకం.